లండన్ ఆల్ సెయింట్స్ చర్చి: చూడ్డానికి మధ్యయుగం, కట్టింది మాత్రం రైళ్ల కాలం

క్లుప్తంగా: ఇంగ్లండ్‌లో ఊరూరా కనిపించే గోథిక్ (మొనదేలిన కమానుల మధ్యయుగపు శైలి) చర్చిల్లో చాలావాటిని చూసినవాళ్లు ఆరేడు వందల ఏళ్ల నాటివనుకుంటారు. వాటిలో కొన్ని వేలు విక్టోరియా రాణి కాలంలో, అంటే 1837 నుంచి 1901 మధ్య కట్టినవి, లేదా అప్పుడు దాదాపు తిరగ్గట్టినవి. పట్టణాలకు ఎగబడ్డ జనం, ఆరాధన ఎలా ఉండాలన్న గొడవ, ఆవిరి యంత్రాలు, బొగ్గు పొగ కలిసి ఆ చర్చిలకు రూపం ఇచ్చాయి. లండన్ మార్గరెట్ స్ట్రీట్‌లో 1850లో మొదలై 1859లో ప్రతిష్ఠ జరిగిన ఆల్ సెయింట్స్ చర్చిలో ఈ కారణాలన్నీ ఒక్కచోటే కనిపిస్తాయి.

ఆక్స్‌ఫర్డ్ సర్కస్ స్టేషన్ నుంచి నాలుగడుగులు వేస్తే మార్గరెట్ స్ట్రీట్ వస్తుంది. ముందు వీధంతా షాపింగ్ రద్దీ. వెనక ఈ వీధిలో, భవనాల మధ్య ఇరుక్కున్నట్టుగా ఎర్ర ఇటుకల మీద నల్ల ఇటుకల చారలతో ఒక చర్చి ఉంటుంది. మొనదేలిన కమానులు, ఎత్తైన శిఖరం, రంగు అద్దాలు చూస్తే ఏ పదమూడో శతాబ్దానిదో అనిపిస్తుంది. కానీ దాని శంకుస్థాపన నాటికి మన దేశంలో ప్రయాణికుల రైలు ఇంకా మొదలే కాలేదు గానీ, ఇంగ్లండ్‌లో అప్పటికే వేల మైళ్ల పట్టాలు పరుచుకుని ఉన్నాయి.

ఇంత కొత్త కట్టడానికి అంత పాత రూపం ఎందుకు తొడిగారు? పాత రూపమే కావాలనుకున్నవాళ్లు మధ్యయుగపు ఇంగ్లండ్‌లో ఎవరూ కట్టని చారల ఇటుక గోడలు ఎందుకు లేపారు? విక్టోరియన్ చర్చి అర్థం కావాలంటే ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతకాలి.

జనం పెరిగారు, చర్చిలు చాల్లేదు

ఇంగ్లండ్‌ను చర్చి పాలన కోసం పారిష్‌లుగా విభజించారు. ఒక్కో పారిష్‌కు ఒక చర్చి, ఒక ఫాదర్, ఆ హద్దుల్లో ఉండేవాళ్లందరి బాధ్యత. మన కేథలిక్కుల విచారణలు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ల పాస్టరేట్లు కాస్త ఇలాంటివే. అయితే ఇంగ్లండ్ పారిష్ హద్దులు చాలావరకు మధ్యయుగంలో గీసినవి. జనం పల్లెల్లో ఉన్న రోజులకు సరిపోయిన ఆ లెక్క, మిల్లులూ గనులూ వచ్చాక తలకిందులైంది.

1801లో ఇంగ్లండ్, వేల్స్ జనాభా దాదాపు 89 లక్షలు. 1851 నాటికి అది 1 కోటి 79 లక్షలు దాటింది. యాభై ఏళ్లలో రెట్టింపు. పెరిగిన జనంలో ఎక్కువమంది చేరింది మాంచెస్టర్, లీడ్స్, బర్మింగ్‌హామ్, లండన్ లాంటి చోట్లకే. ఒకప్పటి చిన్న ఊరి చర్చే ఇప్పుడు వేలూ లక్షల మందికి దిక్కయింది. ఫ్రెంచి విప్లవాన్ని చూసి బెదిరిన పాలకులకు చర్చి గడప తొక్కని కార్మికులంటే భయం కూడా ఉంది. 1818లో పార్లమెంటు చర్చిల నిర్మాణానికి 10 లక్షల పౌండ్లు, 1824లో మరో 5 లక్షలు ఇచ్చింది. ఆ డబ్బుకు చందాలు కలిపి సుమారు 600 చర్చిలు కట్టారు.

సీట్లు పెరిగాయి గానీ ఆ చర్చిల్లో చాలావాటికి మంచి పేరు రాలేదు. ఉన్న బడ్జెట్‌లో ఎక్కువమందిని కూర్చోబెట్టడమే లెక్క కాబట్టి పల్చటి గోడలు, చుట్టూ గ్యాలరీలు, రాయిలా కనిపించేలా పూసిన ప్లాస్టరు వచ్చాయి. తర్వాతి తరం తిరగబడింది ఆ చౌకబారుతనం మీదే.

ఉపన్యాసం నుంచి బలిపీఠానికి

పద్దెనిమిదో శతాబ్దపు ఆంగ్లికన్ (అంటే ఇంగ్లండ్ అధికారిక చర్చికి చెందిన) చర్చిలో అందరి చూపూ ప్రసంగ వేదిక మీదే ఉండేది. అది కొన్నిచోట్ల మూడంతస్తుల ఎత్తున లేచి బలిపీఠాన్ని కప్పేసేది. బలిపీఠం దగ్గర రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభురాత్రి భోజన సంస్కారం చాలా చర్చిల్లో ఏడాదికి మూడు నాలుగుసార్లకు మించి జరిగేది కాదు. ముందు వరస బెంచీలను డబ్బున్న కుటుంబాలు అద్దె కట్టి దక్కించుకునేవి. పేదలకు మిగిలేది వెనక వరసలు, గ్యాలరీలు.

1833లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఉద్యమం దీన్ని ప్రశ్నించింది. జాన్ కీబుల్, జాన్ హెన్రీ న్యూమన్, ఎడ్వర్డ్ పూసీ దాని పెద్దలు. ఇంగ్లండ్ చర్చి ప్రభుత్వ శాఖ కాదని, క్రీస్తు శిష్యులైన అపొస్తలుల కాలం నుంచి తెగకుండా వస్తున్న పరంపరలో భాగమని వాళ్ల వాదన. ఆ మాట ఒప్పుకుంటే ఆరాధనలో సంస్కారానికి మళ్లీ పెద్దపీట వేయాలి. సంస్కారం కేంద్రమైతే బలిపీఠం అందరికీ కనపడాలి, దాని చోటు ప్రత్యేకంగా ఉండాలి. వేదాంతంలో వచ్చిన మార్పు అలా నేరుగా చర్చి ప్లానులోకి దిగింది.

మార్గరెట్ స్ట్రీట్‌లో ఇప్పుడున్న చోటే అప్పట్లో ఒక సాదాసీదా ప్రార్థనాలయం ఉండేది. 1839లో అక్కడికి వచ్చిన ఫ్రెడరిక్ ఓక్‌లీ ఆక్స్‌ఫర్డ్ ఉద్యమం మనిషి. చిన్న గదిలాంటి ఆ చాపెల్‌లోనే ఆయన కొత్త తరహా ఆరాధన నడిపి లండన్‌లో పేరు తెచ్చుకున్నాడు. 1845లో న్యూమన్ రోమన్ కేథలిక్‌గా మారాడు. కొద్దిరోజులకే ఓక్‌లీ కూడా మారిపోయాడు. ఉద్యమ వ్యతిరేకులకు కావాల్సింది దొరికింది: ఈ దారి చివరికి రోముకే పోతుందని మొదటినుంచీ వాళ్లు అంటున్నదే. ఓక్‌లీ తర్వాత వచ్చిన విలియం అప్టన్ రిచర్డ్స్ అక్కడ సరైన చర్చి కట్టించి, ఆంగ్లికన్‌గా ఉంటూనే ఇదంతా చేయవచ్చని చూపించాలనుకున్నాడు. అందుకే ఈ కట్టడంలో ప్రతి రాయికీ ఏదో ఒకటి నిరూపించాల్సిన భారం పడింది.

ఇద్దరు విద్యార్థుల పట్టుదల

రూపం విషయంలో దారి చూపింది కేంబ్రిడ్జ్. 1839లో అక్కడ ట్రినిటీ కాలేజీలో చదువుతున్న జాన్ మేసన్ నీల్, బెంజమిన్ వెబ్ కలిసి కేంబ్రిడ్జ్ కామ్డెన్ సొసైటీ పెట్టారు. ఇరవై ఏళ్లు అటూఇటూ ఉన్న ఈ కుర్రాళ్లు కొన్నేళ్లలోనే దేశంలో చర్చి ఎలా కట్టాలో చెప్పే స్థాయికి చేరారు. తమ పత్రికలో కొత్త చర్చిలను ఒక్కొక్కటిగా విమర్శించేవాళ్లు. వాళ్ల చేతిలో పడ్డ ఆర్కిటెక్టుకు టెన్షనే.

వాళ్ల నియమాలు కచ్చితంగా ఉండేవి. బలిపీఠం ఉండే చాన్సెల్, జనం ఉండే నేవ్ వేరువేరుగా తెలియాలి. మన గుళ్లో ముఖమండపం నుంచి గర్భాలయం వేరుగా కనిపించినట్టు, చాన్సెల్ మెట్ల మీద ఎత్తుగా, మరింత అలంకారంతో ఉండాలి. గ్యాలరీలు వద్దు, అద్దె బెంచీలు వద్దు. చెక్కను రాయిలా, ప్లాస్టరును పాలరాయిలా చూపించే మోసం అసలే వద్దు. శైలి 1300 ప్రాంతపు గోథిక్ అయి ఉండాలి. ఈ ఆలోచనల్లో చాలావాటికి ముందు గొంతు ఇచ్చింది కేథలిక్‌గా మారిన ఆర్కిటెక్టు అగస్టస్ పూజిన్. గోథిక్‌ను ఆయన ఒక అలంకార శైలిగా కాక క్రైస్తవ సత్యానికి తగిన నిర్మాణ పద్ధతిగా చూశాడు.

సొసైటీ మాటలతో ఆగకుండా తమ సిద్ధాంతం అంతా కనిపించే ఒక నమూనా చర్చి కావాలనుకుంది. మార్గరెట్ స్ట్రీట్ అవసరం, సొసైటీ ఆశయం అక్కడ కలిశాయి. పర్యవేక్షణ పార్లమెంటు సభ్యుడూ సంపన్నుడూ అయిన బెరెస్‌ఫర్డ్ హోప్ తీసుకున్నాడు. హెన్రీ ట్రిటన్ అనే బ్యాంకరు ఒక్కడే 30 వేల పౌండ్లు ఇచ్చాడు. స్థలంతో కలిపి మొత్తం ఖర్చు సుమారు 70 వేల పౌండ్లకు చేరింది. ఆర్కిటెక్టుగా విలియం బటర్‌ఫీల్డ్‌ను ఎంచుకున్నారు. 1814లో పుట్టిన ఆయనకు అప్పటికి ముప్పై అయిదేళ్లు. 1850లో సకల పరిశుద్ధుల పండుగ నాడు పూసీ శంకుస్థాపన చేశాడు.

ఇరుకు స్థలం, ఎత్తు శిఖరం

బటర్‌ఫీల్డ్‌కు దొరికింది ఒక్కో వైపు వంద అడుగులు దాటితే ఎక్కువ అనదగ్గ స్థలం. అందులో చర్చి ఒక్కటే కాదు, ఫాదర్ ఇల్లు, ఆరాధనలో పాడే కొయిర్ పిల్లల స్కూలు కూడా పట్టించాలి. పల్లె చర్చికి చుట్టూ పచ్చిక, సమాధులు, ఖాళీ ఉంటాయి. ఇక్కడ గోడకు గోడ.

ఆయన చేసిన పని ఇది. వీధి వైపు రెండు ఎత్తైన ఇటుక ఇళ్లు నిలబెట్టి వాటి మధ్య కమాను ద్వారం పెట్టాడు. ద్వారం దాటితే చిన్న ముంగిలి. ముంగిలికి ఆ వైపున చర్చి. వీధిలోంచి లోపలికి వచ్చినవాళ్లు తలెత్తక తప్పదు, ఎందుకంటే ముంగిలి ఎంత చిన్నదో గోపురం అంత పెద్దది. శిఖరం ఎత్తు 227 అడుగులు. వెస్ట్‌మినిస్టర్ ఆబీ పడమటి గోపురాలకన్నా రెండడుగులు ఎక్కువ. పక్కకు పెరగడానికి చోటు లేని భవనం పైకి పెరిగింది.

లోపల నేవ్‌కు మూడే అంకణాలు. పొడవు తక్కువ, ఎత్తు ఎక్కువ. తూర్పున, ఉత్తరాన పక్క భవనాలు ఆనుకుని ఉండటంతో అటువైపు కింద కిటికీలు పెట్టడానికి లేదు. గోథిక్ చర్చిలో బలిపీఠం వెనక పెద్ద తూర్పు కిటికీ ఉండటం మామూలు. ఉదయపు వెలుతురు దాంట్లోంచే వస్తుంది. ఇక్కడ అది లేదు. దాని చోటును గోడ నిండా బొమ్మలతో నింపారు. వెలుతురు ప్రధానంగా పై వరస కిటికీల నుంచి, పడమటి పెద్ద కిటికీ నుంచి వస్తుంది. ఈ చర్చి లోపలి చీకటిని భక్తి కోసం కావాలని సృష్టించిన వాతావరణంగా వర్ణించేవాళ్లున్నారు. అందులో నిజం ఉండొచ్చు గానీ, మొదటి కారణం మాత్రం పక్కింటి గోడ.

పట్టణ చర్చి పల్లె చర్చికి నకలు కాకూడదన్న చర్చ సరిగ్గా ఆ ఏడాదే గట్టిపడింది. నగరంలో చర్చి ఎత్తుగా, ఇటుకతో, పై కిటికీలతో ఉండాలని 1850లో జార్జ్ ఎడ్మండ్ స్ట్రీట్ అనే మరో యువ ఆర్కిటెక్టు వాదించాడు. మార్గరెట్ స్ట్రీట్‌లో అదే రూపం కళ్లముందు లేచింది.

ఇటుక ఎందుకు?

అప్పటివరకు గొప్ప చర్చి అంటే రాయి. ఇటుక అంటే ఇళ్లు, గోదాములు, ఫ్యాక్టరీలు. లండన్ చుట్టుపక్కల మంచి కట్టడపు రాయి దొరకదు, ఉన్నది బంకమట్టి. మరి ఆ ఊరి మట్టితో కట్టడమే నిజాయితీ కదా అన్నది బటర్‌ఫీల్డ్ తర్కం. బ్రిటన్‌లో 1784 నుంచి ఇటుకల మీద ఉన్న పన్నును 1850లోనే ఎత్తేశారు. అయితే ఆ పన్ను పోవడం వల్లే ఇక్కడ ఇటుక వాడారనుకుంటే పొరపాటు. ఏరి తెచ్చిన ఆ గులాబీ ఛాయ ఇటుక రాయికన్నా చౌకగా ఏమీ పడలేదు. పన్ను తొలగింపు ప్రభావం తర్వాతి తరం చర్చిల మీద, ముఖ్యంగా పేద పేటల్లో కట్టినవాటి మీద ఎక్కువ.

రంగు చారల సంగతికి వస్తే, ఆ రోజుల్లో ఇంగ్లిష్ ఆర్కిటెక్టుల చూపు ఉత్తర ఇటలీ, ఉత్తర జర్మనీ వైపు మళ్లింది. అక్కడి మధ్యయుగపు ఇటుక చర్చిలు వాళ్లకు కొత్త దారి చూపాయి. గోడ కట్టాక రంగు పూయడం కాదు, కట్టే వస్తువుల్లోనే రంగు ఉండాలి. నల్ల ఇటుక వరస గోడ మీద గీసిన గీత కాదు, గోడలో భాగం. మోసం లేని నిర్మాణం అన్న పాత నియమానికి ఇది కొత్త రూపం.

దీనికి లండన్ గాలి కూడా ఓ కారణం. ఇంటింటా బొగ్గు పొయ్యిలు ఉన్న నగరంలో సున్నపురాయి, పూత రంగు కొన్నేళ్లకే మసిబారేవి. కాల్చిన ఇటుక, మెరుగుపెట్టిన గ్రానైట్, గ్లేజ్ టైల్ అయితే తుడిచినా కడిగినా రంగు పోదు.

కడిగినా పోని రంగు

లోపల ఖాళీ గోడ కనపడదు. నేవ్ స్తంభాలు అబర్డీన్ ప్రాంతపు ఎర్ర గ్రానైట్‌వి. అంత గట్టి రాయిని అద్దంలా మెరిపించడం చేతి పనితో దాదాపు అసాధ్యం. 1830లలో అబర్డీన్‌కు చెందిన అలెగ్జాండర్ మక్‌డోనాల్డ్ ఆవిరి యంత్రంతో గ్రానైట్ పాలిష్ చేసే పద్ధతి తెచ్చాకే అది భవనాలకు అందుబాటులోకి వచ్చింది. అంటే మధ్యయుగపు చర్చిలా కనిపించే ఈ హాలును మోస్తున్న స్తంభాలు మధ్యయుగంలో తయారయ్యేవే కావు.

కమానుల పైన గోడంతా చుక్కలు, వలయాలు, కోణాలుగా రంగురాళ్లు పొదిగారు. ప్రసంగ వేదిక కూడా రకరకాల పాలరాళ్ల పొదుగుపనే. నైరుతి మూలన గోపురం కింద బాప్తిస్మపు తొట్టి ఉంటుంది. అక్కడ తలెత్తి చూస్తే కప్పులో టైళ్ల మధ్య పెలికాన్ పక్షి బొమ్మ కనపడుతుంది. పెలికాన్ తన రొమ్ము చీల్చుకుని ఆ రక్తంతో పిల్లల్ని బతికిస్తుందని పాత నమ్మకం. క్రీస్తు బలికి అది గుర్తు. బాప్తిస్మం పొందే బిడ్డకు సరిగ్గా పైన ఆ బొమ్మ పెట్టడం ఏదో ఖాళీ నింపడానికి చేసిన పని కాదు. చదువు రానివాళ్లకు కూడా భవనమే పాఠం చెప్పాలన్న పట్టుదల అది.

కిటికీలు లేని ఉత్తరపు గోడకు 1873లో అలెగ్జాండర్ గిబ్స్ గీసిన పెద్ద టైల్ చిత్రాలు వచ్చాయి. 1877లో పడమటి కిటికీలో పాత అద్దాలు తీసేసి, వెల్స్ కేథడ్రల్‌లో క్రీస్తు పూర్వీకులను చూపే యెష్షయి వంశవృక్షం కిటికీ ఆధారంగా ఆయనే కొత్తవి చేశాడు.

బలిపీఠం వెనక తూర్పు గోడ కథ వేరు. దాన్ని విలియం డైస్ చిత్రించాడు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో గోడ చిత్రాలకు ఆయనే పెద్ద దిక్కు. అయినా తేమ, మసి ఆ బొమ్మల్ని కొన్నేళ్లకే దెబ్బతీశాయి. చివరికి 1909లో నినియన్ కంపర్ పలకల మీద మళ్లీ గీసి వాటిని డైస్ పని ముందు నిలబెట్టాడు. ఇటుక, గ్రానైట్, టైల్ నిలిచాయి, పూసిన రంగు నిలవలేదు. రంగు పదార్థంలోనే ఉండాలన్న బటర్‌ఫీల్డ్ వాదనకు ఆయన సొంత భవనంలోనే ఇంతకన్నా బలమైన రుజువు లేదు.

మెచ్చినవాళ్లు, నొచ్చుకున్నవాళ్లు

పని పూర్తికాక ముందే, 1853లో విమర్శకుడు జాన్ రస్కిన్ ఈ చర్చిని ఆకాశానికెత్తాడు. ఆధునిక కాలంలో జంకూ అసమర్థతా లేకుండా కట్టిన మొదటి కట్టడం ఇదేనని ఆయన తీర్పు. డబ్బు, శ్రమ పెట్టిన బెరెస్‌ఫర్డ్ హోప్ మాత్రం అంత సంతోషంగా లేడు. నేవ్ గోడల మీది రంగుల గందరగోళం మంచి నిర్మాణాన్ని పాడుచేసిందని ఉత్తరాల్లో ఘాటుగానే రాశాడు. బటర్‌ఫీల్డ్ ఒక్క అంగుళం తగ్గలేదు. తర్వాత ఈ తరహా చారల చర్చిలను వెక్కిరించినవాళ్లకూ కొదవలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో విక్టోరియన్ అనే మాటే తిట్టులా మారింది. ఆ భవనాలను కాపాడటానికి విక్టోరియన్ సొసైటీ పుట్టేసరికి 1958 వచ్చింది.

1859 మే 28న ప్రతిష్ఠ చేసింది లండన్ బిషప్ ఆర్చిబాల్డ్ టేట్. ధూపం, కొవ్వొత్తులు, ఆడంబర వస్త్రాలు ఆయనకు గిట్టేవి కావు. తర్వాత కాంటర్బరీ ఆర్చిబిషప్‌గా, ఇలాంటి ఆరాధనను అదుపు చేయడానికి 1874లో వచ్చిన చట్టం వెనక ఉన్నది ఆయనే. ఆ చట్టం కింద కొందరు ఫాదర్లు జైలుకు కూడా వెళ్లారు. ఫాదర్లను జైల్లో పెట్టడం జనానికి నచ్చలేదు. చట్టం మీద గౌరవం పోయింది, ఆరాధన పద్ధతి మాత్రం మిగిలింది.

పాత చర్చిలు కూడా ఎందుకు కొత్తగా కనిపిస్తాయి

నమూనా చర్చి ప్రభావం కొత్తవాటితో ఆగలేదు. 1840 నుంచి 1870ల మధ్య ఇంగ్లండ్, వేల్స్‌లలో 7,000కు పైగా పాత పారిష్ చర్చిలను పునరుద్ధరించారు. పునరుద్ధరణ అంటే చాలాచోట్ల గ్యాలరీలు పీకేయడం, చాన్సెల్ నేల ఎత్తు చేయడం, కొత్త టైళ్లు వేయడం. పద్దెనిమిదో శతాబ్దపు కిటికీలు తీసేసి 'సరైన' గోథిక్ కిటికీలు పెట్టడం కూడా జరిగింది. దీనికి విసిగిపోయిన విలియం మోరిస్ పాత కట్టడాల రక్షణకు 1877లో ఒక సంఘం పెట్టాడు. నిజంగా 1300 నాటి చర్చిలోకి వెళ్లినా కళ్లకు కనిపించేది తరచూ 1860ల అభిరుచే కావడానికి కారణం ఇది.

మన వైపు వచ్చిన జాడలు

ఈ చర్చి నీడలో 1851లో హారియెట్ బ్రౌన్లో బైరన్ ప్రారంభించిన సిస్టర్ల సంఘం ఆ శతాబ్దం చివరి భాగంలో బొంబాయికి వచ్చి ఆసుపత్రుల్లో, స్కూళ్లలో పనిచేసింది. అదే బొంబాయి కొలాబాలో 1858లో ప్రతిష్ఠించిన ఆఫ్ఘన్ చర్చి లోపలి అలంకరణలో బటర్‌ఫీల్డ్ డిజైన్లున్నాయి.

సికింద్రాబాద్‌లో బొల్లారం హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. దానికి విక్టోరియా రాణి సొంత సొమ్ము పంపిందని, స్థలం నిజాం ఇచ్చాడని చెబుతారు. 1983లో రెండో ఎలిజబెత్ రాణి అక్కడి ప్రార్థనకు వచ్చింది. కానీ అది కంటోన్మెంట్ చర్చి. కట్టించిన అవసరం సైన్యానిది, మార్గరెట్ స్ట్రీట్‌లోలా వేదాంత వాదం కాదు. ఇక 1924 డిసెంబరు 25న ప్రారంభమైన మెదక్ చర్చిని చాలామంది విక్టోరియన్ కట్టడమంటారు గానీ, రాణి పోయి అప్పటికి ఇరవై మూడేళ్లు. దాని ఆర్కిటెక్టులు ఇంగ్లండ్‌లోని బోల్టన్‌కు చెందిన బ్రాడ్‌షా గ్యాస్ అండ్ హోప్, కట్టించింది వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్. మెథడిస్టు సంప్రదాయంలో ఆక్స్‌ఫర్డ్ ఉద్యమానికి చోటు లేదు. అయినా 175 అడుగుల గోపురం, కమానులు, బైబిలు కథల రంగు అద్దాలు అక్కడికీ వచ్చాయి. వాదం చల్లారిన తర్వాత గోథిక్ ఎవరికైనా చర్చి రూపంగా మిగిలింది.

శిఖరానికి మరమ్మతు ఎవరు చేయాలి

1850లలో ఒక బ్యాంకరు 30 వేల పౌండ్లు ఇస్తే కట్టడం లేచింది. దాన్ని నిలబెట్టే ఖర్చు మాత్రం ఏటేటా వస్తూనే ఉంటుంది. ఇంగ్లండ్ చర్చికి ఉన్న దాదాపు 16 వేల చర్చి భవనాల్లో నాలుగింట మూడొంతులకు పైగా చట్టరక్షణ జాబితాలో ఉన్నాయి. ఆల్ సెయింట్స్‌ది అందులో అత్యున్నతమైన గ్రేడ్ 1. జాబితాలో ఉంటే ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, చౌక సామగ్రి వాడకూడదు. కానీ మరమ్మతుల బాధ్యత ప్రధానంగా స్థానిక సంఘానిదే. ప్రభుత్వం నెలనెలా ఇచ్చేదేమీ లేదు.

మరమ్మతు బిల్లు మీద 20 శాతం వ్యాట్ పడుతుంది. ఆ పన్నును తిరిగి ఇచ్చే గ్రాంటు పథకం 2001 నుంచి 2026 మార్చి వరకు నడిచింది. 2025లో ప్రభుత్వం దానికి ఒక్కో భవనానికి ఏడాదికి 25 వేల పౌండ్ల పరిమితి పెట్టింది. లెక్క చూస్తే, 1 లక్షా 25 వేల పౌండ్ల పని వరకు పన్ను మొత్తం వెనక్కి వచ్చేది. అది దాటితే మిగతా పన్ను సంఘమే భరించాల్సి వచ్చేది. కప్పులో నాలుగు పలకలు మార్చుకునే పల్లె చర్చికి ఈ పరిమితి తగల్లేదు. ఎత్తైన శిఖరాలున్న పట్టణ చర్చిలకు తగిలింది. ఎందుకంటే 227 అడుగుల మీద ఒక్క పలక సరిచేయాలన్నా ముందు అంత ఎత్తుకు మనుషులు చేరాలి, అలాంటి పనిలో పరంజా ఖర్చే అసలు ఖర్చును మించగలదు. పనిని ఏటా కొంచెం చొప్పున విడగొడితే పరిమితి లోపల ఉండగలిగేవాళ్లు, కానీ పరంజా ప్రతిసారీ మళ్లీ కట్టాల్సి వచ్చేది. ఇటు గండం, అటు ఖర్చు. చాలా సంఘాలు పని వాయిదా వేస్తాయి. వాయిదా పడ్డ కొద్దీ నీరు ఇటుకల సందుల్లోకి దిగుతుంది, బిల్లు పెరుగుతుంది.